గోడమీది గీత

క్వారీ కాలనీ, మూడో వరస
జూన్ 6

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. మీ బావ రాళ్ళు పేలుస్తూనే ఉన్నాడు, నేను దుమ్ము తుడుస్తూనే ఉన్నాను. ఇంట్లో ఫోను తీసేయించాం. వేళాపాళా లేకుండా మోగి ప్రాణం తీస్తోంది. సెల్లు సిగ్నలు ఈ లోయలోకి దిగదని నీకు తెలుసు. కాబట్టి ఇకమీదట నీతో మాటలన్నీ ఉత్తరాల్లోనే. నీ అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి, కాస్త నిదానంగా రాయి.

అసలు సంగతేమిటంటే, నీ మేనకోడలు, మన పిడుగు, రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయింది. ఒకసారి ఇంట్లో, ఒకసారి బడిలో. కళ్ళు తేలేసి, ఒక్క నిమిషం కాళ్ళూచేతులూ కొట్టుకుని, తర్వాత ఏమీ జరగనట్టు లేచి మంచినీళ్ళడిగింది. కాలనీ డిస్పెన్సరీ డాక్టరు మూర్ఛ అన్నాడు, మాత్రలు రాశాడు. పద్నాలుగేళ్ళ పిల్లకి ఉన్నట్టుండి మూర్ఛేమిటని నేను పేచీ పెట్టుకుంటే, నన్ను వదిలించుకోవడానికి ఈసీజీ తీయించాడు. ఏ తీగ ఎక్కడ అతికించాలో కాంపౌండరుకి నేనే చూపించాల్సి వచ్చింది. పదేళ్ళు చేసిన పని కదా, చేతులు మర్చిపోలేదు.

ఆ కాగితం ఇందులో పెట్టాను. పదహారేళ్ళుగా నా కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటున్నావు, నా కూతురికోసం ఒక్క పావుగంట కళ్ళు పెట్టి చూడు. పిల్లని కాలనీ పరుగు జట్టులోకి రమ్మంటున్నారు. దానికి కాలు నేలమీద నిలవడం లేదు. పంపనా, మాననా? నువ్వు సరేనంటే సరే.

మీ అక్క


ఈసీజీ గది, పెద్దాసుపత్రి
జూన్ 14

అక్కా,

నా అక్షరాలమీద నీ ఎత్తిపొడుపులు చాల్లే. నువ్వు మానేసి ఇన్నేళ్ళయినా, నీ పేరు చెప్తే మా నర్సమ్మ ఇప్పటికీ కొంగు సర్దుకుంటుంది.

పిడుగు కాగితం వచ్చిన రోజే చూశాను. నువ్వు నేర్పినట్టే చూశాను, గోడమీద ఫ్రేము కట్టి పెట్టిన ఆ పాత ఈసీజీ గీత పక్కన పెట్టి. ఆ ఫ్రేము ఇంకా అక్కడే ఉంది. కింద పెద్ద డాక్టరుగారు తన చేత్తో రాసిన 'ఆరోగ్యవంతమైన గుండె' అన్న మాట కాస్త వెలిసింది, అంతే. కొత్తవాళ్ళెవరు చేరినా మొదటి వారమంతా దానిముందు నిలబెడతాను. ముందు గోడని కంఠతా పట్టండి, తేడా ఉన్న కాగితం దానంతటదే కంట్లో గుచ్చుకుంటుంది అని నువ్వు నాకు చెప్పిన మాటే వాళ్ళకీ చెప్తాను. పిడుగు కాగితం చూపిస్తే ఇద్దరు ట్రైనీలూ ఒక్కసారే 'గోడతో సరి' అన్నారు. నిజమే. ఆ ఎక్కడం, ఆ దిగడం, అన్నీ అచ్చుగుద్దినట్టే ఉన్నాయి. గోడమీది గుండెకి కవల పుట్టిందా అని నవ్వుకున్నాం.

'మామూలు' అని ముద్ర వేసి, నకలు ఒకటి నా సొరుగులో ఉంచుకుని, అసలుది తిప్పి పంపుతున్నాను. ఎదిగే వయసు, పొద్దున సరిగా తినదు, కళ్ళు తిరిగి పడుంటుంది. పరిగెత్తనీ. పిడుగుకి విడిగా ఒక చీటీ రాశాను, ఇవ్వు: నీ గుండె భేషుగ్గా ఉంది, ఫస్టు రాకపోతే ఊరుకోను అని.

ఇక్కడ వింత ఏమిటంటే మాకు కొత్త కంప్యూటరు వస్తోంది. గీత చూపిస్తే తనే చదివి జబ్బు పేరు చెప్తుందట. నేను పదహారేళ్ళలో చూసినన్ని గుండెలు అది ఒక్క పూటలో చూసేస్తుందట. చూడనీ, మన సొమ్మేం పోయింది.

తమ్ముడు


క్వారీ కాలనీ
జూన్ 25

తమ్ముడూ,

నీ ముద్ర చూసి ఏడుపొచ్చింది. మీ బావ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పిడుగు నీ చీటీని తలకింద పెట్టుకుని పడుకుంటోంది. జట్టులో చేర్పించాం.

నీకో మాట దాచాను. చెప్తే నవ్వుతావని దాచాను. ఫోను ఊరికే తీసేయించలేదు. మొదటిసారి పిల్ల పడిపోయింది ఫోను మోగినప్పుడే. తలపక్కన మోగేసరికి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచింది, లేచింది లేచినట్టే వాలిపోయింది. రెండోసారి బడిగంట. మొన్న పద్దెనిమిదిన మళ్ళీ పడింది. ఈసారి అలారం. ఇప్పుడు మా ఇంట్లో మోగేది ఒక్కటీ లేదు. తలుపు బెల్లు తీగ నేనే కత్తిరించాను. కుక్కరు ఎక్కించే ముందు దాన్ని పెరట్లోకి తోలుతాను. పన్నెండింటికి క్వారీలో పేల్చేముందు సైరను కూస్తుంది కదా, పావుగంట ముందే చెవుల్లో దూది పెట్టిస్తాను. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మీ బావ తుమ్మినా ఇద్దరం అదిరిపడుతున్నాం.

అమ్మ గుర్తొస్తోంది. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. తలుపు తోసింది నేను. అమ్మ పక్కమీదే ఉంది. అలారం ఇంకా మోగుతూనే ఉంది. నిద్రలో పోయింది, అదృష్టవంతురాలు అన్నారు అందరూ. నేనూ అన్నాను. ఆ గడియారం నొక్కి ఆపిన సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

గీత మామూలుగా ఉందన్నావు కాబట్టి మూర్ఛ మాత్రలే వేస్తున్నాను. మామూలే కదా? ఇంకొక్కసారి చూడు. ఎందుకని నన్నడగకు.

అక్క


ఈసీజీ గది
జూలై 9

అక్కా,

ముందు పిడుగుని పరుగు మాన్పించు. కారణం తర్వాత చదువు. క్వారీ ఆఫీసుకి ఫోను చేసి గుమాస్తాతో కబురు కూడా పెట్టాను. ఆయనకి ఎందుకో చెప్పలేదు.

మొన్న కంప్యూటరు పెట్టారు. బిగించడానికి వచ్చిన ఇంజనీరమ్మాయి పాత కాగితాలేమైనా ఇవ్వండి, పరీక్షించి చూద్దాం అంది. మంచి గుండె ఎలా ఉంటుందో ముందు దానికి చూపిద్దాం అని మా నర్సమ్మ గోడమీది ఫ్రేము దింపింది. అందరం చుట్టూ చేరాం. మూడు సెకన్లు కూడా పట్టలేదు. తెరమీద ఎర్రగా వచ్చింది: క్యూటీ చాలా ఎక్కువ, ప్రాణాపాయం ఉండవచ్చు, వెంటనే గుండె లయ నిపుణులకి చూపించండి.

గదంతా ఒకటే నవ్వు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. పాత కాగితం కదండీ, ముడుచుకుపోయి ఉంటుంది అని ఆ అమ్మాయి సర్దిచెప్పబోయింది. వాళ్ళంతా వెళ్ళాక రెండు ముళ్ళ డివైడరు తీసి ఆ గీతని కొలిచాను. చేరాక అదే మొదటిసారి. కొలబద్దని ఎవరు కొలుస్తారక్కా? ఎత్తు శిఖరం మొదలైన చోటినుంచి, వెనకాల వచ్చే గుండ్రటి గుట్ట దిగేదాకా ఉండేదే క్యూటీ. నీకు చెప్పేదేముంది. ఆ వేగంలో పదకొండు చిన్నగళ్ళు, మహా అయితే పదకొండున్నర ఉండాలి. పదమూడు ఉంది. మూడుసార్లు కొలిచాను. ముడుచుకుంటే తగ్గాలి గానీ పెరగదు కదా.

మన ఫారంలో క్యూటీకి ఒక గడి ఉంది, గుర్తుందా? అందులో అంకె వేసిన వాళ్ళెవరూ లేరు. నువ్వు వేయలేదు, నేను వేయలేదు. గోడవైపు ఒక చూపు చూసి ముద్ర కొట్టాం.

నాకు ఒక్కటి చెప్పు. ఆ గీత ఎవరిది? పెద్ద డాక్టరుగారు పోయి పన్నెండేళ్ళయింది. ఫ్రేము వెనక పేరు లేదు, తారీకు ఉంది. అది నువ్వు చేరిన సంవత్సరం.

తమ్ముడు


క్వారీ కాలనీ
జూలై 17

తమ్ముడూ,

నాదే.

చేరిన మొదటి వారం, పంతొమ్మిదేళ్ళు నాకు. గీత వణక్కుండా రావాలి, కదలకుండా పడుకునేవాళ్ళెవరు అని అడిగారు పెద్ద డాక్టరుగారు. నేను కట్టెలా పడుకున్నాను. ఎంత శుభ్రంగా వచ్చిందో అని మెచ్చుకుని ఫ్రేము కట్టించారు. నాదని ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. చెప్తే వార్డులో జోకులేస్తారని సిగ్గు. లోపల మాత్రం మహా గర్వం. పదేళ్ళు నా గుండె కిందే కూర్చుని పనిచేశాను. నీకు నేర్పేటప్పుడు కూడా నోరు విప్పలేదు.

పిడుగు కాగితం చూడకుండానే నీకు పంపాననుకున్నావా? చూశాను. చూడగానే నా గీతే అని పోల్చుకున్నాను. గుండె నిమ్మళించింది. నాలాగే ఉంది, నాకేమైంది, దుక్కలా ఉన్నాను కదా అనుకున్నాను. అయినా ఇంకో జత కళ్ళు చూస్తే నయమని నీకు పంపాను. ఆ కళ్ళు నేను తయారుచేసినవేనని నాకు తట్టలేదు.

దుక్కలా ఉన్నానన్నానా, అదీ విను. పెళ్ళికి ముందు రెండుసార్లు, పిడుగు పుట్టిన నెలలో ఒకసారి పడిపోయాను. చంటిపిల్ల కెవ్వుమంటే లేచి, ఊయల పక్కనే. మీ బావకి నీరసం అని చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను.

పరుగు మాన్పించాను. నాతో మాట్లాడటం మానేసింది. మావయ్య భేషుగ్గా ఉందన్నాడు, వద్దనడానికి నువ్వెవరు అంటోంది.

దాని కాగితానికి కంప్యూటరు ఏమందో నువ్వు రాయలేదు. తప్పించుకోకు, నేను నీకు అక్కని.

అక్క


ఈసీజీ గది
జూలై 24

అక్కా,

అదే ఎరుపు. నీదానికన్నా ఒక గడి ఎక్కువ.

రెండు కాగితాలూ మా గుండె లయ డాక్టరమ్మ బల్లమీద పెట్టాను. నేను నోరు తెరవకముందే, "తల్లీకూతుళ్ళా, అక్కచెల్లెళ్ళా? మీకేమవుతారు?" అంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇది రక్తంలో వచ్చేదట. ప్రతి దెబ్బ తర్వాతా గుండె మళ్ళీ సిద్ధం కావాలి. మనవాళ్ళకి ఆ సిద్ధం కావడం ఆలస్యమవుతుంది. ఆ సందులో ఉలికిపాటు తగిలితే లయ తప్పి గుండె ఊరికే వణుకుతుంది, రక్తం తోయదు. తనంతట తను సర్దుకుంటే మనిషి లేచి మంచినీళ్ళడుగుతుంది. సర్దుకోకపోతే అమ్మలా. మూర్ఛ కాదు, ఏనాడూ కాదు. ఇలాంటి పిల్లలు మూర్ఛ మాత్రలు మింగుతూ ఏళ్ళు గడిపేస్తారని ఆవిడ అంది.

దారి ఉంది. గుండెని నెమ్మదింపజేసే మాత్ర రోజూ వేసుకోవాలి. ఒక్క రోజు కూడా మానకూడదు, మానితే మొదటికన్నా ప్రమాదం. ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్ళకి కాలరెముక కింద చిన్న పెట్టె అమరుస్తారు. లయ తప్పితే అదే కొట్టి దారిలో పెడుతుంది. దగ్గుకీ వాంతులకీ ఇచ్చే కొన్ని మందులు కూడా మీకు పడవు, డిస్పెన్సరీలో ఏదిచ్చినా నాకు చెప్పకుండా మింగొద్దు. ఇద్దరూ వెంటనే బయల్దేరి రండి.

నా గీత కూడా తీయించుకున్నాను. బాగానే ఉంది. ఎందుకో సిగ్గేసింది.

తమ్ముడు


క్వారీ కాలనీ
సెప్టెంబరు 20

తమ్ముడూ,

మీ ఇంటినుంచి వచ్చి నెల దాటింది. పిడుగు మళ్ళీ పడలేదు. రోజూ పొద్దున నా కళ్ళముందే మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగుతుంది. కాస్త మందకొడిగా ఉంటోంది, నాతో మాటలు అంతంతమాత్రమే. లైబ్రరీకి వెళ్ళడం ఎక్కువైంది. పోనీలే, పరుగుకి బదులు చదువైనా అబ్బుతుంది.

మీ డాక్టరమ్మ నన్ను తిడుతుందేమో, నాకు పెట్టె అమర్చే తారీకు నవంబరుకి మార్పించాను. ఇప్పుడు నేను అక్కడ పదిరోజులు మంచమెక్కితే ఇక్కడ పిల్లకి మాత్ర వేసేదెవరు? మీ బావకి తన చెప్పులెక్కడున్నాయో కూడా నేనే చెప్పాలి.

మందుల వ్యాను ఈ నెల సగమే తెచ్చింది. పిడుగుకి సరిపోతాయి. నువ్వు కంగారుపడి ఆఫీసుకి ఫోన్లు చేసి నా పరువు తీయకు.

అక్క


ఈసీజీ గది
సెప్టెంబరు 30

అక్కా,

పిడుగుకి సరిపోతాయి అన్నావు. ఇద్దరిదీ ఒకటే మాత్ర. మరి నీకు?

పార్సిల్ పంపుతున్నాను. అందేదాకా అప్పో సొప్పో చేసైనా వేసుకో. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కదానికి సూటిగా జవాబు రాయి.

తమ్ముడు


క్వారీ కాలనీ
అక్టోబరు 8

మావయ్యా,

ఇది రాస్తున్నట్టు అమ్మకి తెలియదు.

నేను ఆ మాత్రలు వేసుకోవడం లేదు. మూడు వారాలైంది. నాలుక కింద దాచుకుని పెరటి కాలవలో ఊసేస్తున్నాను. అవి వేసుకుంటే నా కాళ్ళు నావి కానట్టుంటాయి. మానేశాక మళ్ళీ పరిగెత్తగలుగుతున్నాను. నువ్వు ముద్ర వేసిన కాగితం మా ఆటల సారుకి చూపిస్తే జట్టులోకి తీసుకున్నారు. ఇంట్లో లైబ్రరీ అని చెప్తున్నాను.

నువ్వు మొదట బాగుందన్నావు, తర్వాత బాగాలేదన్నావు. రెండూ నీ చేతిరాతే. రెండుసార్లూ నువ్వు నమ్మే రాశావు. ఏది నిజమో నాకు ఎవరు చెప్తారు? నేను పడి నాలుగు నెలలైంది. అందుకే మొదటిదే నమ్ముతున్నాను.

వచ్చే వారం శనివారం సాయంత్రం నాలుగింటికి పందెం. గెలిచాక అమ్మకి నేనే చెప్తాను. అంతవరకు నువ్వు చెప్పకు.

పిడుగు


క్వారీ కాలనీ
నవంబరు 2

మావయ్యా,

ఇక్కడున్న పదకొండు రోజులూ నువ్వు ఆ సాయంత్రం గురించి అడగలేదు. అడుగుతావేమోనని నేను నీకు ఎదురుపడకుండా తిరిగాను. మనిషి ఎదురుగా ఉంటే చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నీ ఫోను వచ్చాక గుమాస్తాగారు సైకిలేసుకుని ఇంటికొచ్చారట. 'పందెం ఆపమన్నారు మీ తమ్ముడు' అని మాత్రం చెప్పారట. మాత్రల సంగతి నువ్వు ఆయనకి చెప్పలేదు. నా మాట నిలబెట్టావు. నిలబెట్టకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, నువ్వు కూడా అది ఆలోచించకు.

మేం గీత దగ్గర వంగి ఉన్నాం. సారు తుపాకీ పైకెత్తారు. అప్పుడు అమ్మ అరుపు వినిపించింది. క్వార్టర్సు నుంచి ఆ ఎత్తంతా పరిగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు లేవు. అమ్మ పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు మావయ్యా, చాలా బాగా పరిగెత్తింది. నన్ను జబ్బ పట్టుకుని లైన్లోంచి లాగేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఊపిరి అందడం లేదు, అయినా ముందు అదే అడిగింది.

"పొద్దున మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నాను," అన్నాను.

"మింగావా?"

"మింగానమ్మా."

అమ్మ మొహం తేటపడింది. "అమ్మయ్య, అయితే ఫరవాలేదు. పద ఇంటికి," అని నా తల నిమిరింది. అప్పుడే మైదానం అవతల మగపిల్లల పందేనికి తుపాకీ పేలింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. నాకేమీ కాలేదు. అమ్మ నా చెయ్యి వదలకుండానే కూర్చుంది, తర్వాత ఒరిగిపోయింది. సారు గుండెమీద నొక్కుతూనే ఉన్నారు. క్వారీ అంబులెన్సు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

నువ్వు ఫోను చేయడంవల్లే ఇలా జరిగిందని నాన్నతో అన్నావట. కాదు. నువ్వు చేయకపోతే ఆ గీత దగ్గర పడేదాన్ని నేను. పడకపోతే మళ్ళీ వారం మళ్ళీ పరిగెత్తేదాన్ని.

నువ్వు వెళ్ళిన మర్నాడు అమ్మ బీరువా సర్దాను. చీరల కింద రేకు డబ్బా ఉంది. అందులో అమ్మ మాత్రలు, విప్పని అట్టలు. పైన చీటీ, అమ్మ చేతిరాత: 'పిల్లకి, వ్యాను రాకపోతే.' సెప్టెంబరునుంచి అమ్మ తనవి వేసుకోలేదు. నీ పార్సిల్ కూడా అందులోనే ఉంది, కట్టు విప్పలేదు. నేను నావి కాలవలో ఊసేస్తున్నప్పుడు అమ్మ తనవి నాకోసం దాచింది.

అమ్మ నన్ను ఆఖరుగా అడిగింది ఆ ఒక్కటే. నేను అబద్ధం చెప్పాను, అమ్మ నమ్మింది. నాన్నకి ఇంకా చెప్పలేదు. నీకు చెప్పాను.

ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. అమ్మ దాచినవే.

పిడుగు